వలకన్నూ, వదిలిపెట్టే ధర్మమూ

చేపలు పట్టే పనిముట్లన్నీ మన భాషలో మోసానికి మారుపేర్లయిపోయాయి. ఎవడైనా ఎవడినైనా బుట్టలో వేసుకుంటే గాలం వేశాడంటాం, ఎర చూపాడంటాం, వల పన్నాడంటాం. ఈ మాటల్ని ఎవరు వాడుకలోకి తెచ్చారో చెప్పలేం గాని, చేపలు పట్టి బతికేవాళ్లు తెచ్చి వుండరని మాత్రం ఊహించవచ్చు. రైతుకు నాగలి ఎంతో అతనికి వల అంత. నిజానికి ఈ మూడు మాటల్లో మొదటి రెండింటికీ మూడోదానికీ పోలికే లేదు. ఎరలో అబద్ధం వుంది. తిండి కానిదాన్ని, లేదా తిండి వెనక దాగిన కొక్కేన్ని, తిండి అని చేపను నమ్మించాలి. వల అలాంటి అబద్ధమేమీ చెప్పదు. దారికి అడ్డంగా నిలుస్తుంది, లేదా పైనుంచి వచ్చి పడుతుంది. అంతే.

వలకు మరొక గుణం కూడా వుంది. దాన్ని సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. వలలో దారం కొంచెం, ఖాళీ ఎక్కువ. ఆ ఖాళీని మనవాళ్లు కన్ను అంటారు. కన్ను లేకపోతే అది వల కాదు, గుడ్డ. ఏ చేపను పట్టాలో దారం నిర్ణయిస్తే, ఏ చేపను వదలాలో కన్ను నిర్ణయిస్తుంది. పట్టటమూ, వదలటమూ ఒకే అల్లికలో వున్నాయి.

చేపను పట్టటం ధర్మమా అనే ప్రశ్న పాతది. జీవహింస గురించి మన మతాలు చాలా వాదించుకున్నాయి, ఆ వాదాల మధ్యనే మన జనం చేపల పులుసు తింటూ వచ్చారు. ఆ చర్చను ఇక్కడ మళ్లీ మొదలుపెట్టబోవటం లేదు. నా ప్రశ్న వదిలిపెట్టటాన్ని గురించి. చేతికందిన చేపను ఒకడు వదిలిపెడితే, ఆ మంచితనం ఎక్కడ వున్నట్టు? అతని హృదయంలోనా? అతని చేతిలోని పనిముట్టులోనా? లేక ఆ పనిముట్టు ఎలా వుండాలో నిర్ణయించే సంఘంలోనా? ఇది చేపలకు సంబంధించిన చిన్న ప్రశ్నలాగా కనిపిస్తుంది గాని, నీతిని గురించి మనం మాట్లాడే ప్రతి చోటా ఇదే ప్రశ్న వేరే వేషంలో ఎదురవుతుంది.

దీన్ని తేల్చటానికి ముందు, మనకు బొత్తిగా అలవాటు లేని ఒక పనిముట్టును పరిశీలించటం మంచిది. పోలిక కోసం అది పనికొస్తుంది.

చల్లటి కొండవాగుల్లో ట్రౌట్ అనే చేప బతుకుతుంది. నీళ్ల వేడి ఇరవై డిగ్రీలు దాటితే దానికి కష్టం. కనుక మన కృష్ణా గోదావరుల్లో అది లేదు, వుండబోదు. ఇంగ్లీషు దొరలు తమ వినోదం కోసం ఈ దేశానికి తెచ్చినప్పుడు కూడా దాన్ని కాశ్మీరుకూ, నీలగిరుల వంటి చల్లటి చోట్లకూ తీసుకుపోయారు. ఈ చేప నీటిమీద వాలే చిన్న పురుగుల్ని తింటుంది. ఆ పురుగులు గాలానికి గుచ్చటానికి వీల్లేనంత సున్నితమైనవి. అందుకని కొక్కేనికి దారమూ ఈకా కట్టి పురుగును పోలిన బొమ్మ చేస్తారు. ఇంగ్లీషులో దాని పేరుకు ఈగ అని అర్థం. మనం ఈకలఈగ అనుకుందాం.

దాన్ని కట్టే పద్ధతి చూడముచ్చటగా వుంటుంది. కొక్కేన్ని ఒక చిన్న పట్టకారులో బిగించి, దాని కాడమీద సన్నటి పట్టుదారం చుట్టుకుంటూ పోతారు. వెనకపక్క రెండు మూడు ఈకపోగులు కట్టితే తోక. కుందేలు వెంట్రుకలు వేళ్లతో నలిపి దారానికి అంటించి చుట్టితే ఒళ్లు. మెడ దగ్గర కోడిపుంజు ఈకను చుట్టితే దాని పోగులు నాలుగు పక్కలా విచ్చుకుని కాళ్లవుతాయి. ఆ కాళ్లే కొక్కెం బరువును నీటిమీద నిలబెడతాయి. ఇప్పుడు పట్టుదారం బదులు నైలానూ పాలియెస్టరూ, వెంట్రుకల బదులు కృత్రిమపు పోగులూ, నీరు పీల్చని నురుగు రబ్బరూ వచ్చాయి. పాతకాలపు ఈగ మంచిదా కొత్తకాలపు ఈగ మంచిదా అని ఆ దేశాల్లో వాదించుకునేవాళ్లు నేటికీ వున్నారు.

ఈ విద్య మొదట వినోదం కాదు. క్రీస్తుశకం రెండో శతాబ్దం చివరా మూడో శతాబ్దం మొదటా జీవించిన ఏలియన్ అనే రోమన్ రచయిత, మాసిడోనియాలో జనం కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడి ఈకలు రెండు కట్టి చేపలు పట్టేవారని రాశాడు. ఇంగ్లండులో 1496లో అచ్చయిన ఒక చిన్న గ్రంథం పన్నెండు రకాల ఈగల్ని వర్ణించింది. 1653లో ఐజాక్ వాల్టన్ పుస్తకం వచ్చేనాటికి గాలం పెద్దమనుషుల తీరుబడికి గుర్తుగా మారింది. పంతొమ్మిదో శతాబ్దం చివరికి దానికో ధర్మశాస్త్రమే తయారయింది. ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ 1886లో రాసిన గ్రంథంతో ఒక సంప్రదాయం స్థిరపడింది. నీటిపైన తేలే ఈగతోనే ట్రౌట్‌ను పట్టాలి, నీటిలో మునిగే ఈగను వాడటం మర్యాద కాదు. స్క్యూస్ అనే న్యాయవాది 1910లో దీన్ని ఎదిరించాడు. చేప ఎక్కువ తిండి నీటి లోపలే తింటున్నప్పుడు లోపలి పురుగును అనుకరించటంలో తప్పేమిటని అడిగాడు. 1938లో లండన్‌లో గాలగాళ్ల క్లబ్బులో ఈ విషయం మీద పెద్ద చర్చే జరిగింది.

ఈ వాదాన్ని చూసి నవ్వటం తేలిక. కాని నవ్వి వదిలెయ్యకూడదు. చేపకు ఏ మేరకు అవకాశం ఇవ్వాలి అన్నదే ఆ వాదంలోని సారాంశం. ఆ ప్రశ్న తప్పు కాదు. తప్పెక్కడ వున్నదంటే, చేపకు ఇచ్చే అవకాశాన్ని గురించి అంత సున్నితంగా ఆలోచించినవాళ్లు ఆ ఏటి ఒడ్డున బతికే కూలివాడికి ఇచ్చే అవకాశాన్ని గురించి ఆలోచించలేదు. ఆ వాగుల్లో చేపలు పట్టే హక్కు భూస్వాములది. ఆకలికి ఒక రాత్రి వల వేసినవాడు దొంగ. తేలే ఈగతో పట్టినవాడు మర్యాదస్థుడు. పనిముట్టును బట్టి నీతి నిర్ణయమైందనుకుంటే పొరపాటు. ఏటి యాజమాన్యాన్ని బట్టి పనిముట్టుకు నీతి అంటగట్టారు.

ఈ ఈగల కథకూ మన కొండలకూ ఒక సంబంధం వుంది. నల్లమలలో, శేషాచలం అడవుల్లో బూడిదరంగు అడవికోడి తిరుగుతుంది. ఆ పుంజు మెడ ఈకల చివర మైనం పూసినట్టు గట్టిగా మెరిసే తెలుపూ పసుపూ చుక్కలుంటాయి. భారతదేశంలో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేని ఈ పక్షి మెడ ఈకలు ఇంగ్లీషువాళ్ల సాల్మన్ ఈగల్లో తప్పనిసరి అలంకారమైపోయాయి. 1895లో జార్జి కెల్సన్ సాల్మన్ ఈగల మీద రాసిన గ్రంథం చూస్తే, సామ్రాజ్యపు నలుమూలల పక్షులూ ఒక వేలెడు కొక్కెం మీద వచ్చి వాలినట్టుంటుంది. ఇందులో ఒక విడ్డూరం వుంది. సముద్రం నుంచి ఏటిలోకి ఎదురీదివచ్చే సాల్మన్ చేప ఆ ప్రయాణంలో తిండి ముట్టదు. ఏదో చిరాకుతోనో, పాత అలవాటుతోనో కొక్కేన్ని కరుస్తుంది. అంటే ఆ రంగులన్నీ చేపకోసం కావు. చేపను పట్టే మనిషి కంటికోసం. ఎర చేపకు వెయ్యబోయి మనిషికే పడింది.

భారత ప్రభుత్వం 1902లో అడవిపక్షుల ఈకల ఎగుమతిని నిషేధించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవికోడిని కాపాడుతున్నది. అయినా ఆ మోజు చావలేదు. 2009 జూన్‌లో ఇంగ్లండులోని ట్రింగ్ పట్టణంలో వున్న ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలోకి ఎడ్విన్ రిస్ట్ అనే సంగీత విద్యార్థి రాత్రిపూట కిటికీ పగలగొట్టి దూరాడు. 299 పక్షి చర్మాల్ని ఎత్తుకుపోయాడు. వాటిలో ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ మలయా ద్వీపాల్లో ఏళ్లతరబడి తిరిగి సేకరించినవి కూడా వున్నాయి. డార్విన్‌తో సమానంగా పరిణామ సూత్రాన్ని కనిపెట్టిన వాలెస్ ఆ చర్మాలకు కట్టిన చీటీల మీద ఎక్కడ, ఎప్పుడు దొరికాయో రాసిపెట్టాడు. శాస్త్రానికి ఆ చీటీలే ప్రాణం. దొంగ చాలా చర్మాలకు చీటీలు పీకేశాడు. ఈకలు ఈగలు కట్టేవాళ్లకు అమ్ముడుపోయాయి. 2011లో కోర్టు అతనికి పన్నెండు నెలల శిక్ష వేసి, దాన్ని అమలు జరపకుండా నిలిపింది. ఇందులో మనం గమనించవలసింది దొంగతనం కాదు. అంత ఖరీదు పెట్టి ఆ ఈకలు కొనేవాళ్లలో చాలామంది తాము కట్టిన ఈగను నీటిలో ముంచరు. అద్దాల పెట్టెలో పెట్టుకుంటారు.

ఆకలికోసం పుట్టిన నేర్పు వినోదంగా మారి, వినోదం అలంకారమై, చివరికి అలంకారం నీటినే మరిచిపోయింది. మన ప్రబంధాల చివరి దశ తెలిసినవాళ్లకు ఈ క్రమం కొత్తేమీ కాదు. నేర్పు తగ్గటం వల్ల ఆ దశ రాలేదు. నేర్పుకు జవాబు చెప్పుకోవలసిన చోటు లేకపోవటం వల్ల వచ్చింది.

అయితే ఈకల ఈగలు కట్టేవాళ్లందరినీ ఈ గాటన కట్టటం న్యాయం కాదు. నేడు ఆ పద్ధతిలో చేపలు పట్టేవాళ్లలో చాలామంది, పట్టిన చేపను తిరిగి నీళ్లలో వదిలిపెడతారు. కొక్కేనికి వుండే ముల్లును నొక్కేస్తారు, చేప నోరు చిరగకుండా. చేతులు తడిపి పట్టుకుంటారు, దాని ఒంటి జిగట పోకుండా. ఏళ్లల్లో విషాలు కలిపే కర్మాగారాల మీద వాళ్లే పోరాడారు, ఆనకట్టలు తీయించారు. ఇదంతా మంచిదే. కాని ఇక్కడే మన ప్రశ్న మొదలవుతుంది. తినటానికి కాక, వదిలెయ్యటానికే చేపను పట్టటం దయా? జర్మనీలో జంతు సంరక్షణ చట్టం, సహేతుకమైన కారణం లేకుండా ప్రాణికి బాధ కలిగించటం నేరమంటుంది. ఆకలి సహేతుకమైన కారణం, సరదా కాదు. కనుక తిరిగి వదిలే ఉద్దేశంతోనే చేపను పట్టటం అక్కడ తప్పవుతుంది. ఒకే పనిని ఒక దేశం దయ అంటే, పక్క దేశం హింస అంటున్నది.

దీనికి నా సమాధానం ఇది. వదిలిపెట్టటంలో విలువ, వదిలేవాడు ఏం కోల్పోతున్నాడన్నదాన్ని బట్టి వుంటుంది. రాత్రి భోజనం ఇంట్లో సిద్ధంగా వున్నవాడు చేపను వదిలితే అతను కోల్పోయేదేమీ లేదు. పైగా ఒక తృప్తి మిగులుతుంది. అతన్ని తప్పుపట్టనక్కర్లేదు, ఆరాధించనూ అక్కర్లేదు. ఆ చేప మీదే ఆ పూట గడవవలసినవాడు వదలటమంటే ఏమిటో చూడాలి. అందుకు మన ఏటి ఒడ్డుకు రావాలి.

విజయవాడలో కృష్ణ ఒడ్డున ఒక ఉదయం ఒక పెద్దాయన విసురువల బాగుచేసుకుంటూ కనిపించాడు. వల చిరిగిన చోటును కాలి బొటనవేలికి తగిలించి బిగలాగి, కొయ్యసూదితో ముడులు వేస్తున్నాడు. పక్కన మూడు వెదురుబద్దలున్నాయి, మూడూ మూడు వెడల్పులు. దారాన్ని బద్ద చుట్టూ తిప్పి, పైకన్నులోంచి లాగి ముడి వేసి బద్ద తీస్తే ఒక కన్ను తయారవుతుంది. బద్ద ఎంత వెడల్పో కన్ను అంత. వలంతా ఒకే తీరున రావటానికి కొలబద్ద అదే. చేతి అరుగుడుకు నున్నబడి నల్లబడ్డ ఒక బద్దను తీసి చూశాను.

"ఇదెప్పటిది, బాబాయ్?"

"మా నాన్నది మాస్టారూ. ఇది రెండువేళ్ల కన్ను. బద్ద మారితే చేప మారిపోద్ది. చిన్నపిల్ల ఇందులోంచి పోద్ది. పోవాలనే అల్లుతాం."

"ఇప్పుడు వల అంతా మీరే అల్లుకుంటారా?"

"ఎక్కడండీ! కొట్లో మరవల తెచ్చుకోటం, తాడెక్కించి గుళ్లు కట్టుకోటం. చిరిగితే ఇట్టా కుట్టుకోటం. కొట్లో అమ్ముడయ్యేదంతా చిన్నకన్నే."

"పెద్దకన్నుది అడిగి తెచ్చుకోవచ్చుగదా?"

ఆయన ముడి బిగించి, దారం కొరికి, నావంక చూశాడు. "తెచ్చుకుంటా. నేనొదిలిన పిల్ల పక్కోడి వల్లో పడుద్ది. అప్పుడు నాకు చేపా లేదు, ఏటికి పిల్లా లేదు. మరెవురి కోసం వదిలినట్టు?"

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. తరగతిలో నీతిపద్యాలు చెప్పే మాస్టరు దగ్గర వుండవలసిన జవాబే అది. నేను చెప్పగలిగిందల్లా మంచివాడుగా వుండమనే. ఆయన మంచివాడుగానే వున్నాడు. మంచితనం పనిచెయ్యటం లేదని చెబుతున్నాడు.

ఆయన చెప్పినదాంట్లో రెండు కాలాలున్నాయి. నాన్న బద్దతో అల్లిన వల ఒక కాలం. మరవల ఇంకొక కాలం. మొదటిది స్వర్ణయుగమనీ రెండోది పతనమనీ అనెయ్యటం మన రచయితలకు బాగా అలవాటయిన పని. అది అబద్ధం. నూలువల తడిస్తే కుళ్లుతుంది. వేటనుంచి రాగానే ఉప్పూ బురదా కడిగి ఇసుకమీద ఆరవెయ్యాలి. తుమ్మలాంటి చెట్ల బెరడు కాచిన కషాయంలో మళ్లీ మళ్లీ ఉడకబెట్టాలి. ఒక పెద్ద వల అల్లటానికి ఇంటిల్లిపాదీ నెలలతరబడి రాత్రులు కూచునేవారు. అందులో ఎక్కువ పని ఆడవాళ్లదీ పిల్లలదీ. ఆ పనికి కూలి లేదు, లెక్క లేదు. 1950ల చివర మొదలై దేశమంతా పాకిన నైలాను దారం ఈ చాకిరీని తీసేసింది. కుళ్లదు, ఆరవెయ్యనక్కర్లేదు, తేలిక, గట్టి. అమ్మ వేళ్లు కోసుకుపోతుంటే చూసిన బిడ్డ ఎవడూ నూలువల కోసం కన్నీరు కార్చడు. కార్చేది ఎన్నడూ వల అల్లనివాడు.

నైలాను తెచ్చిన చెడును కూడా చెప్పుకోవాలి. కుళ్లకపోవటమే దాని దోషం. తెగి నీటిలో పోయిన నూలువల కొంతకాలానికి మట్టిలో కలుస్తుంది. తెగిన నైలాను వల యజమాని లేకుండానే ఏళ్లతరబడి చేపల్ని పట్టి చంపుతూ వుంటుంది. ఒంటిపోగు నైలాను నీటిలో చేపకు కనపడదు. చౌక కనుక చిరిగితే పారెయ్యవచ్చు. అయితే నా దృష్టిలో అసలు మార్పు ఇవేవీ కావు. వెదురుబద్ద చేతులు మారింది. కన్ను ఎంత వుండాలో అల్లేవాడు నిర్ణయించే స్థితి పోయి, అమ్మేవాడు నిర్ణయించే స్థితి వచ్చింది. మరకు చిన్నకన్ను మీద ప్రత్యేకమైన ప్రేమ లేదు. మూడువేళ్ల కన్ను అల్లమంటే అదే వేగంతో అల్లుతుంది. చిన్నకన్నును అల్లించేది అవసరం. వలకూ పడవకూ షావుకారు దగ్గర అప్పు తెచ్చి, పట్టిన చేపను ఆ షావుకారుకే అతను చెప్పిన ధరకు పొయ్యవలసినవాడు, రేపటి పెద్ద చేపకోసం ఇవాళ్టి పిల్లను వదలలేడు. అతని రేపు తాకట్టులో వుంది.

నాన్న బద్దలో కూడా వ్యక్తి ఉదారత ఏమీ లేదన్నది గమనించాలి. రెండువేళ్ల కన్ను అల్లినవాడు ప్రతి చేపపిల్లనూ చూసి జాలిపడి వదలలేదు. వదలటం అతని అల్లికలోనే వుంది. ఒక రేవులో అందరి బద్దలూ దాదాపు ఒకటే కనుక, ఒకడు వదిలింది ఇంకొకడి పాలు కాలేదు. అది ఎక్కడా రాయని ఒప్పందం. దాన్ని నిలబెట్టింది ఋషుల వంటి మనుషులు కారు. నూలు ఖరీదూ, ముడుల శ్రమా, కులకట్టుబాటూ కలిసి నిలబెట్టాయి. సన్నకన్ను అల్లాలంటే ముడులు రెట్టింపవుతాయి, దారం ఎక్కువ పడుతుంది. శ్రమ తగ్గించుకోవటమూ, చేపపిల్లను వదలటమూ ఒకే దిక్కున నడిచాయి. భౌతిక పరిస్థితి మారగానే ఆ ధర్మం కూలిపోయింది. హృదయాలు చెడిపోయి కూలిపోలేదు.

చిన్నకన్ను మీద పాలకుల చూపు కొత్తది కాదు. 1873లో రెండు పుస్తకాలు వెలువడ్డాయి. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే మంచినీటి చేపల మీద ప్రభుత్వానికి నివేదిక రాశాడు. మద్రాసు సివిల్ సర్వీసులోని హెన్రీ సల్లివన్ థామస్ మన దేశంలో గాలంతో వేటాడటాన్ని గురించి గ్రంథం రాశాడు. సన్నకన్ను వలలతో చేపపిల్లల్ని తుడిచిపెడుతున్నారని ఆందోళన పడినవాళ్లలో ఈ ఇద్దరూ వున్నారు. 1897లో ఫిషరీస్ చట్టం వచ్చింది. నీళ్లలో మందుగుండు పేల్చటాన్నీ, విషం కలపటాన్నీ అది నేరం చేసింది. అది అవసరమే. వలల రకాన్నీ కళ్ల కొలతనూ నియంత్రించే అధికారం కూడా సర్కారుకు ఇచ్చింది.

కాని అప్పటికే 1855లో, ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య కృష్ణమీద ఆనకట్ట లేచింది. సముద్రం నుంచి ఏటికి ఎదురీదివచ్చి మంచినీటిలో గుడ్లు పెట్టే పొలస చేపకు అది గోడ. ఆనకట్టల వల్ల చేపల దారి మూసుకుపోతుందని డే కూడా గుర్తించకపోలేదు. అయినా ఏటి ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా రాతితో కట్టిన అడ్డుకు ఎంత కన్ను వుండాలని ఏ చట్టమూ కొలవలేదు. కొలబద్ద ఎప్పుడూ పేదవాడి వలమీదనే పడింది. ఇంతమాత్రాన ఆనకట్ట అన్యాయమని నేను అనటం లేదు. 1832-33 కరువులో గుంటూరు సీమలో జనం పిట్టల్లా రాలిపోయిన తరవాత, కృష్ణనీరు పొలాలకు పారటం ఎంత గొప్ప విషయమో డెల్టాలో పుట్టినవాడు మరిచిపోలేడు. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ కూడా ఆ పనినే కొనసాగిస్తున్నది. ఆనకట్ట లక్షల మందికి అన్నం పెట్టింది. అందుకు మూల్యం చెల్లించినవాళ్లలో జాలర్లు వున్నారు. లాభం లెక్కలోకి వచ్చింది, ఈ మూల్యం రాలేదు. నేను చెప్పేది ఇంతే.

కొల్లేటిలో ఇదే కథ ఇంకో రూపంలో జరిగింది. వెదురుమావులు పెట్టి, నీరు తీసే కాలాన్నీ పెరిగే కాలాన్నీ బట్టి చేపలు పట్టుకునే సరస్సులో 1970ల నుంచీ చెరువుల గట్లు లేచాయి. మొదట సహకార సంఘాల పేరిట తవ్విన చెరువులు క్రమంగా డబ్బున్నవాళ్ల కౌలులోకి పోయాయి. 1999లో ప్రభుత్వం సరస్సును అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో గట్లను బద్దలుకొట్టింది. చెరువులో వలకన్నుకు అర్థమే లేదు. ఒకే వయసు చేపల్ని ఒకేరోజు పట్టి లారీకి ఎత్తుతారు. వదలవలసిన చేప అనేదే వుండదు. పట్టేవాడు కూలికి వచ్చినవాడు. చేప అతనిది కాదు, వల అతనిది కాదు. కనుక వదలటమా మానటమా అనే ప్రశ్న కూడా అతనిది కాదు. తాను చెయ్యని నిర్ణయానికి నీతిగాని అవినీతిగాని అతనికి ఎలా అంటుతుంది? అయినా గట్లు కొట్టేసినప్పుడు ఎక్కువ దెబ్బతిన్నది రోజుకూలి పోయినవాళ్లే. కౌలుదార్లకు వేరే చోట భూములున్నాయి.

ఇక ఒక ఆక్షేపణ వుంది. నీతిని సంఘం మీదికీ పనిముట్టు మీదికీ నెట్టేస్తే వ్యక్తికి బాధ్యత ఏం మిగులుతుంది? ప్రతివాడూ "నేనేం చెయ్యను, పరిస్థితులు అట్లా వున్నాయి" అని తప్పుకోడా? ఈ భయం న్యాయమైనదే. మన అభ్యుదయవాదుల్లో కొందరు పరిస్థితుల పేరు చెప్పి తమ బద్ధకాన్ని కప్పిపుచ్చుకోవటం నేను ఎరుగుదును. కాని ఆ పెద్దాయన తప్పుకోలేదు. ఆయన ప్రశ్న అడిగాడు. ఒంటరిగా వదలటం వ్యర్థమైనప్పుడు, అందరూ కలిసి వదిలే ఏర్పాటును కోరటమే వ్యక్తి బాధ్యత అవుతుంది. అది ఒంటరి త్యాగం కన్నా తేలికైన పని కాదు. పక్కవాణ్ణి ఒప్పించాలి, షావుకారును ఎదిరించాలి, సర్కారును నిలదియ్యాలి. చేపను వదిలినందుకు దొరికే తృప్తి ఇందులో దొరకదు.

అట్లాంటి ఏర్పాటు అసాధ్యం కాదనటానికి ఒక ఉదాహరణ మన తీరంలోనే వుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పుతీరంలో మరపడవల వేట ఆపుతారు. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రోజులకు మన రాష్ట్రప్రభుత్వం వేటమానినవాళ్లకు భృతి ఇస్తుంది. ఆ భృతి చాలటం లేదనీ, సకాలంలో అందటం లేదనీ, అర్హుల జాబితాలో పేర్లు గల్లంతవుతున్నాయనీ ఫిర్యాదులు వస్తుంటాయి. వాటిని తీర్చవలసిందే. కాని దీని వెనక వున్న సూత్రం గొప్పది. వదలటం అందరి మేలుకోసం అయినప్పుడు, దాని ఖర్చును వదిలేవాడొక్కడే భరించటం అన్యాయం. ఆ 61 రోజులూ పక్కవాడు కూడా వల వెయ్యడు, ఇంట్లో పొయ్యి కూడా ఆరదు. ఈ రెండు షరతులూ కుదిరినప్పుడు మామూలు మనిషి కూడా ధర్మాత్ముడుగా వుండగలడు. మామూలు మనిషికి సాధ్యంకాని ధర్మాన్ని బోధించటం పురాణానికి చెల్లుతుంది, సంఘానికి చెల్లదు.

చిన్నప్పుడు మనమందరం పంచతంత్రంలో మూడు చేపల కథ చదివాం. ముందుచూపున్న చేప వెళ్లిపోయింది, సమయస్ఫూర్తి వున్నది తప్పించుకుంది, జరిగేది జరుగుతుందనుకున్నది చచ్చింది. ఎవడి తెలివి వాడిని కాపాడుతుందని నీతి. చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలో, మిత్రలాభం మొదట్లోనే, ఇంకొక కథ వుంది. పావురాలు వలలో పడ్డాయి. విడివిడిగా కొట్టుకుంటే ఏదీ బయటపడేది కాదు. చిత్రగ్రీవుడి మాట విని అన్నీ ఒక్కసారి ఎగిరి వలతో సహా లేచిపోయాయి. ఎలుక వచ్చి తాళ్లు కొరకబోతే, ముందు తన వాళ్ల కట్లు కొరకమన్నాడు చిత్రగ్రీవుడు. ఈ రెండు కథలూ ఒకే సంప్రదాయంలోవి. బళ్లలో రెండూ చెప్పాం. పిల్లలకు మొదటిదే తలకెక్కింది, ఎందుకంటే బయట లోకం ఆ మొదటిదాన్నే రోజూ వల్లె వేయిస్తున్నది.

పాతపద్ధతా కొత్తపద్ధతా, నూలా నైలానా, పట్టుదారమా పాలియెస్టరా అనే వాదం మీద నాకు పెద్దగా ఆసక్తి లేకపోవటానికి కారణం ఇదే. దారం మారినా పరవాలేదు, మారాలి కూడా. ఎంత కన్ను వుండాలన్నది ఆ వలమీద బతికేవాళ్లూ, ఆ ఏటిమీద బతికేవాళ్లూ కలిసి నిర్ణయిస్తున్నారా లేదా అన్నదే ప్రశ్న. నేను లేచేటప్పటికి ఆ పెద్దాయన వల ముడిచి భుజాన వేసుకున్నాడు. బద్దలు మూడూ కలిపి దారంతో కట్టి సంచిలో పెట్టుకున్నాడు. వాటితో ఇప్పుడాయన కొత్త వల అల్లటం లేదు, చిరిగిన చోట్లు సరిచేసుకోవటానికే వాడుతున్నాడు. కాని ఆ మరవల చిరిగిన ప్రతిచోటా, ఆయన వేసిన మాసిక మాత్రం రెండువేళ్ల కన్నుతోనే వుంది.